గడప దగ్గర ఆగిన కాలు

మా పెదనాన్న హాల్లోంచి వంటింట్లోకి వెళ్లేటప్పుడు గడప దగ్గర ఆగిపోయేవాడు. పై ఒళ్లు ముందుకు వాలేది, పాదాలు మాత్రం లేచేవి కావు. వెనక నుంచి పెద్దమ్మ "అడ్డం లేవండీ, పాలు పొంగుతున్నాయ్" అని కేకేసినా అంతే. పది సెకన్లు, ఒక్కోసారి నిమిషం. తర్వాత ఏమీ జరగనట్టు నడిచేవాడు. అదే మనిషి మేడ మెట్లు మాత్రం చకచకా ఎక్కేసేవాడు. మెట్లెక్కే కాళ్లకు గడప దాటడం ఎందుకు రాదో మాకెవరికీ బోధపడలేదు. బోధపడనప్పుడు అందరూ చేసే పనే మేమూ చేశాం, ఆయనకో పేరు పెట్టాం.

అప్పటికి రెండేళ్ల ముందు నుంచే ఆయన తగ్గుతూ వచ్చాడు. తెల్లారేసరికి పొలం గట్టు మీద ఉండే మనిషి అరుగు దిగడం మానేశాడు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పట్టేది. పిల్లలు నవ్వించినా ముఖంలో కదలిక ఉండేది కాదు. పాల లెక్క రాసే నోటుబుక్కులో ఆయన అక్షరాలు రానురాను చీమల బారులా సన్నగా తయారయ్యాయి. మొదట బద్ధకం అన్నాం. తర్వాత మొండితనం అన్నాం. చెయ్యి వణికి ఉంటే ఎవరికైనా అనుమానం వచ్చేదేమో. మన దగ్గర పార్కిన్సన్స్‌ని వణుకుడు జబ్బు అంటారు కాబట్టి, వణుకు లేకపోతే అది కాదనుకుంటాం. వణుకు లేకుండానే మొదలయ్యేవాళ్లు చాలామంది ఉంటారని తర్వాత న్యూరాలజిస్టు చెబితే తెలిసింది.

సిండోపా మాత్రలు మొదలుపెట్టాక పెదనాన్న మళ్లీ పొలానికి వెళ్లాడు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. మూడేళ్లు గడిచాక, మందు పనిచేసే గంటలు తగ్గుతున్నాయని ఇంకో మాత్ర కలిపారు. దాని పేరు ప్రమిపెక్సోల్. ఐదారు నెలలకు, పుట్టి బుద్ధెరిగాక పేక ముక్క ముట్టని మనిషి పొద్దున్నే పేకాటకు పోవడం మొదలుపెట్టాడు. ఓడిపోయి వచ్చేవాడు, మధ్యాహ్నం ఇంత తిని మళ్లీ పోయేవాడు. ధాన్యం అమ్మిన డబ్బులు పోయాయి. పెద్దమ్మ ఏడిస్తే తల దించుకునేవాడు. మర్నాడు మళ్లీ వెళ్లేవాడు. పోయేకాలానికి బుద్ధి చెడిందన్నారు ఊళ్లో.

ఒకే మనిషిని ముందు బద్ధకస్తుడన్నాం, తర్వాత వ్యసనపరుడన్నాం. ఆ రెండూ ఆయన గుణాలు కావు. మొదటిది మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గిపోవడం వల్ల వచ్చింది. రెండోది ఆ డోపమైన్ పనిని అనుకరించే మందు వల్ల వచ్చింది. కాలు కదలడానికీ కోరిక పుట్టడానికీ మెదడు ఒకే రసాయనాన్ని ఎందుకు వాడుకుంటుంది? ఈ ప్రశ్న పట్టుకుని చాలా రోజులు చదివాను. డోపమైన్ అంటే 'ఆనందపు హార్మోన్' అని ఇప్పుడు ఏ తెలుగు వీడియో పెట్టినా వినిపిస్తుంది. ఆ మాట ఎంత తప్పుదారి పట్టిస్తుందో ఆ చదువులోనే తెలిసింది.

సర్పగంధ, కుందేళ్లు, దూలగొండి

ఈ కథ మన మొక్క దగ్గరే మొదలవుతుంది. సర్పగంధ వేరును ఆయుర్వేదంలో నిద్ర పట్టనివాళ్లకూ ఉన్మాదానికీ ఎంతో కాలంగా వాడుతున్నారు. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఈ వేరు రక్తపోటును దించుతుందనీ, ఉద్రేకంలో ఉన్న మానసిక రోగులను శాంతపరుస్తుందనీ రాశారు. 1949లో బొంబాయి హృద్రోగ వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల అనుభవాన్ని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించాక పాశ్చాత్య వైద్యుల చూపు దీని మీద పడింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు వేరులోంచి అసలు పదార్థాన్ని విడదీసి రిసర్పిన్ అని పేరు పెట్టారు. బీపీకీ మానసిక జబ్బులకూ అది విరివిగా వాడకంలోకి వచ్చింది. అయితే దాన్ని వాడినవాళ్లలో కొందరు అవసరానికి మించి శాంతించారు. నడక నెమ్మదించింది, ముఖం బిగుసుకుంది, చేతులు వణికాయి. అచ్చం పార్కిన్సన్స్ లాగే.

రిసర్పిన్ మెదడులో దేన్ని ఖాళీ చేస్తోంది? స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో ఆర్విడ్ కార్ల్‌సన్ దీని మీద పడ్డాడు. డోపమైన్‌ను 1910లోనే లండన్‌లో తయారుచేశారు కానీ, దాదాపు అర్ధ శతాబ్దం దాన్ని ఎవరూ లెక్కచేయలేదు. నార్‌ఎడ్రినలిన్ అనే మరో రసాయనం తయారయ్యే దారిలో అదొక మజిలీ మాత్రమే అనుకున్నారు. 1957లో కార్ల్‌సన్ బృందం కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చింది. అవి చెవులు వేలాడేసుకుని కదలకుండా పడి ఉన్నాయి. అప్పుడు వాటికి డోపా ఇంజక్షన్ చేశారు. డోపా అంటే శరీరం డోపమైన్‌గా మార్చుకునే ముడిసరుకు. పావుగంటలో కుందేళ్లు లేచి తిరిగాయి. సెరటోనిన్ అనే ఇంకో మెదడు రసాయనానికి ముడిసరుకైన పదార్థం ఇచ్చినప్పుడు మాత్రం లేవలేదు. మజిలీ అనుకున్నదే అసలు ఊరని తేలింది. ఈ పనికి కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ తర్వాత అడుగులు త్వరత్వరగా పడ్డాయి. 1960లో వియన్నాలో ఓలే హార్నికేవిచ్, చనిపోయిన పార్కిన్సన్స్ రోగుల మెదళ్లను పరీక్షించాడు. మెదడు లోతుల్లో స్ట్రయాటం అనే భాగంలో డోపమైన్ దాదాపు ఆవిరైపోయి ఉంది. మరుసటి ఏడు వాల్టర్ బిర్క్‌మేయర్‌తో కలిసి మంచాన పడిన రోగులకు లెవోడోపా, అంటే డోపాలో శరీరం వాడుకునే రూపం, ఇంజక్షన్‌గా ఇచ్చాడు. లేచి కూర్చోలేనివాళ్లు లేచి నడిచారు. కొన్ని గంటల తర్వాత మళ్లీ బిగుసుకుపోయారు. 1967లో అమెరికాలో జార్జ్ కొట్జియాస్, నోటి ద్వారా కొద్దికొద్దిగా మోతాదు పెంచుకుంటూ పోతే ఫలితం నిలుస్తుందని చూపించాడు. పెదనాన్న మింగిన సిండోపా మాత్రలో ఉన్న అసలు మందు ఈ లెవోడోపాయే.

ఇందులో మన దగ్గర చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ లెవోడోపాను 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు దూలగొండి గింజల్లోంచి తీసి, బయోకెమికల్ జర్నల్‌లో ప్రచురించారు. ఒంటికి తగిలితే దురదతో గంతులేయించే ఆ దూలగొండే. అది పార్కిన్సన్స్‌కు పనికొస్తుందని అప్పుడు ఎవరికీ తెలిసే వీలు లేదు. మనిషిని ఆపే మందు సర్పగంధ వేరులో, కదిలించే మందు దూలగొండి గింజలో దొరకడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అలాగని దుకాణంలో దొరికే దూలగొండి పొడిని సొంతంగా వాడొద్దు. గింజలో లెవోడోపా ఎంతుందన్నది రకాన్ని బట్టి మారిపోతుంది. సిండోపా వేసుకునేవాళ్లు దాని మీద ఈ పొడి కూడా తింటే మోతాదు ఎంతకు పోతుందో ఎవరూ చెప్పలేరు.

నేరుగా డోపమైనే ఎందుకు ఇవ్వరన్న సందేహం రావచ్చు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడను డోపమైన్ దాటలేదు, లెవోడోపా దాటగలదు. అదైనా దాని సొంత దారిలో వెళ్లదు, ప్రోటీన్ అరిగితే వచ్చే అమైనో ఆమ్లాల కోసం ఉన్న ద్వారంలోంచే వెళ్లాలి. అందుకే పప్పన్నం, పెరుగు, గుడ్డు తిన్న వెంటనే మాత్ర వేసుకుంటే ద్వారం దగ్గర తోపులాట మొదలై మందు వెనకబడుతుంది. అన్నానికి అరగంటో గంటో ముందు వేసుకోమని డాక్టర్లు చెప్పేది ఇందుకే. మా ఇంట్లో ఈ సంగతి తెలియక దాదాపు ఏడాది పాటు పెదనాన్న మధ్యాహ్నం మాత్ర పప్పూ అన్నం తిన్నాకే మింగాడు. సాయంత్రాలు బిగుసుకుపోతుంటే జబ్బు ముదిరిందనుకున్నాం.

తూము తెరుచుకోకపోతే

మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. డోపమైన్ తయారుచేసేవి అందులో కొన్ని లక్షలు మాత్రమే. వాటిలో ఎక్కువ భాగం నడిమెదడులో ఒక నల్లటి మచ్చలా కనిపించే చోట ఉంటాయి. ఆ నలుపును బట్టే దానికి లాటిన్‌లో సబ్‌స్టాన్షియా నైగ్రా, అంటే నల్లని పదార్థం అని పేరు. కణాలు కొద్దే అయినా ఒక్కోటి స్ట్రయాటంలోకి కొమ్మలు వేసి లక్షల చోట్ల చేతులు కలుపుతుంది. పార్కిన్సన్స్‌లో చచ్చిపోయేవి ఇవే. బయటికి లక్షణాలు కనిపించేసరికే వీటిలో పెద్ద భాగం పోయి ఉంటుంది.

స్ట్రయాటం, దాని చుట్టుపక్కల భాగాలు కలిసి చేసే పనిని చెరువు తూముతో పోల్చుకోవచ్చు. చెరువు నిండా నీళ్లున్నాయి. కింద కాలువ శుభ్రంగా ఉంది. తూము తలుపు మాత్రం మామూలుగా మూసే ఉంటుంది, ఉండాలి కూడా. మన మెదడులో ఒక్కో క్షణం ఎన్నో పనులు సిద్ధంగా ఉంటాయి. చెయ్యి చాచడం, లేవడం, మాట్లాడటం, తల తిప్పడం. అన్నీ ఒకేసారి బయటపడితే మనిషి నిలవలేడు. అందుకని ఈ వ్యవస్థ అన్నింటినీ బిగపట్టి ఉంచి, ఎంచుకున్న ఒక్కదానికే తూము ఎత్తుతుంది. తలుపు ఎంత తేలిగ్గా లేవాలో తేల్చేది డోపమైన్. అది స్ట్రయాటంలో ఒక రకం గ్రాహకాల (రసాయనం వచ్చి అతుక్కునే చోట్ల) మీద పడితే 'కానీ' అనే దారి బలపడుతుంది, ఇంకో రకం మీద పడితే 'ఆగు' అనే దారి నీరసపడుతుంది. రెండు వైపుల నుంచీ కదలికకు సాయమే. డోపమైన్ తగ్గితే తూము బిగుసుకుపోతుంది. కండల్లో బలం ఉంది, వెళ్లాలని మనసులో ఉంది, పని మాత్రం మొదలుకాదు.

ఇక్కడ నన్ను నిలేసిన పరిశోధన ఒకటుంది. 2007లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో పియెత్రో మజోని బృందం పార్కిన్సన్స్ ఉన్నవాళ్లను ఒక గురి దాకా చెయ్యి చాచమంది. ఇంత వేగంతోనే చాచాలని షరతు పెట్టింది. వాళ్లు ఆ వేగం అందుకోగలిగారు. అందుకున్నప్పుడు గురి కూడా మామూలు మనుషుల స్థాయిలోనే కుదిరింది. తేడా ఒక్కటే, ఆ వేగానికి రావడానికి వాళ్లకు ఎక్కువ ప్రయత్నాలు పట్టాయి. అంటే వేగంగా కదిలే శక్తి పోలేదు. ఇంత పనికి ఇంత ఓపిక పెట్టొచ్చా అని మనకు తెలియకుండానే మెదడు వేసే లెక్క ఒకటుంది, ఆ లెక్క మారిపోయింది. ప్రతి కదలికా వాళ్ల మెదడుకు ఖరీదుగా తోస్తోంది.

ఇది చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. పెదనాన్నకు మేం పెట్టిన బద్ధకం అనే పేరు బయటి నుంచి చూస్తే నిజంలాగే ఉంటుంది. చేయగలడు, చేయడం లేదు. చేయగలిగినది చేయకపోతే అది స్వభావమేనని మనం అనుకుంటాం. శక్తికీ సంకల్పానికీ నడుమ ఇంకో మెట్టు ఉందనీ, అది కూడా చెయ్యీ కాలూ లాగే శరీరంలోని భాగమేననీ, దానికీ జబ్బు చేస్తుందనీ మాకు ఊహకైనా తట్టలేదు.

రుచి వేరు, ఆరాటం వేరు

మరి ఆనందం సంగతి? డోపమైన్‌కు ఆ పేరు ఎలా అంటుకుందో చూడాలి. 1954లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుకల మెదడులో సన్నని తీగ గుచ్చి, మీట నొక్కితే ఆ చోట కరెంటు పుట్టేలా ఏర్పాటు చేశారు. ఎలుకలు అదేపనిగా మీట నొక్కాయి. తర్వాతి ప్రయోగాల్లో గంటకు వేల సార్లు నొక్కిన ఎలుకలున్నాయి. ఇన్నిసార్లు నొక్కుతోందంటే ఎంతో సుఖంగా ఉండి ఉంటుందని అందరూ అనుకున్నారు. ఈ దారుల్లో డోపమైన్ ముఖ్యమని తెలిశాక, సుఖాన్ని ఇచ్చేది డోపమైనే అన్నారు.

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ కూడా మొదట అలాగే నమ్మాడు. తీపి తగిలితే ఎలుక మూతి నాక్కుంటుంది, చేదు తగిలితే నోరు వెళ్లబెడుతుంది. మన పసిపాపల ముఖాల్లోనూ ఇవే గుర్తులు కనిపిస్తాయి. డోపమైన్ దారులను నాశనం చేసిన ఎలుకల నాలుక మీద తీపి వేస్తే ఆ ఆనందపు గుర్తు కనపడదని అతను ఊహించాడు. కనపడింది, ఏమాత్రం తగ్గకుండా కనపడింది. కానీ ఆ ఎలుకలు ఎదురుగా తిండి పెట్టినా దాని దగ్గరికి వెళ్లేవి కావు. ఇష్టం ఉంది, దాని వైపు అడుగు పడదు. ఇష్టపడటం, ఆరాటపడటం అనేవి మెదడులో రెండు వేర్వేరు పనులని బెరిడ్జ్ అప్పటి నుంచి చెబుతూ వచ్చాడు. రుచిలోని సుఖానికి మెదడు సొంతంగా తయారుచేసుకునే నల్లమందు లాంటి పదార్థాల పాత్ర ఉంది. డోపమైన్ పని ఆరాటం.

సియాటిల్‌లో రిచర్డ్ పామిటర్ ప్రయోగశాల దీన్ని ఇంకా తేటగా చూపించింది. 1995లో వాళ్లు డోపమైన్ అసలే తయారుచేసుకోలేని చిట్టెలుకలను పుట్టించారు. అవి కొన్ని వారాలకు తిండి ముట్టకుండా చనిపోయేవి. పళ్లు బాగానే ఉన్నాయి, నోట్లో పెడితే మింగగలవు. తిండి వైపు వెళ్లడమే లేదు. రోజూ లెవోడోపా ఇస్తే మామూలుగా తిని బతికాయి. అదే ప్రయోగశాల 2003లో గమనించిన ఇంకో సంగతి: డోపమైన్ లేని ఆ స్థితిలోనూ, మామూలు నీళ్లూ చక్కెర నీళ్లూ పెడితే అవి చక్కెర నీళ్ల వైపే మొగ్గాయి. తీపి తీపిగానే ఉంది.

కాలు కదలడానికీ కోరిక పుట్టడానికీ ఒకటే రసాయనం ఎందుకన్న నా ప్రశ్నకు జవాబు నాకు ఇక్కడే దొరికింది. మెదడు దృష్టిలో అవి రెండు పనులు కావు. జంతువు కోరుకోవడమంటే దాని వైపు కదలడమే. కోరిక ఉండి కాలు లేవకపోతే ఆ కోరికకు అర్థం లేదు. కోరిక లేనిదే కాలు లేవడంలోనూ అర్థం లేదు. చెట్టు ఉన్నచోటే బతుకుతుంది, దానికి ఈ బాధ లేదు. వెళ్లి వెతుక్కుని తినాల్సిన ప్రాణికి 'అటు వెళ్లొచ్చు, కష్టానికి తగిన ఫలం ఉంది' అని చెప్పే సంకేతం కావాలి.

పేకాట దగ్గరికి

ఫలం ఉందో లేదో మెదడుకు ఎలా తెలుస్తుంది? దీనికి సమాధానం స్విట్జర్లాండ్‌లోని ఫ్రైబోర్గ్‌లో వోల్ఫ్రమ్ షుల్ట్జ్ కోతులతో చేసిన ప్రయోగాల్లో దొరికింది. కోతి నోట్లో అనుకోకుండా పండ్ల రసం పడితే డోపమైన్ కణాలు ఒక్కసారిగా చురుకెక్కాయి. తర్వాత, దీపం వెలిగిన కాసేపటికి రసం వస్తుందని కోతికి అలవాటు చేశారు. అలవాటయ్యాక కణాలు దీపం వెలిగినప్పుడు చురుకెక్కాయి, రసం పడినప్పుడు మామూలుగా ఉండిపోయాయి. దీపం వెలిగి రసం రాకపోతే, సరిగ్గా రావాల్సిన క్షణానికి వాటి చురుకు పడిపోయింది. 1997లో పీటర్ దయాన్, రీడ్ మాంటేగ్‌లతో కలిసి షుల్ట్జ్ దీన్ని విప్పి చెప్పాడు. ఈ కణాలు ప్రకటించేది ఫలితాన్ని కాదు, అనుకున్నదానికీ వచ్చినదానికీ ఉన్న తేడాను.

నెల మొదటి తేదీన జీతం పడినట్టు మెసేజ్ వస్తే మనకు పెద్దగా ఏమీ అనిపించదు. అదే రెండు రోజులు ఆలస్యమైతే లోపల ఏదో కుంగుతుంది. ఊహించని బోనస్ పడితే మాత్రం ఆ రోజంతా కాళ్లు నేల మీద నిలవవు. మూడు సందర్భాల్లోనూ డబ్బు డబ్బే, మారింది అంచనా. ఈ తేడా సంకేతంతోనే మెదడు నేర్చుకుంటుంది. అనుకున్నదానికన్నా మెరుగ్గా ఉంటే, ఇప్పుడు చేసిన పని మళ్లీ చెయ్యి. తక్కువగా ఉంటే, మానెయ్యి.

ఇప్పుడు పెదనాన్న దగ్గరికి రండి. లెవోడోపా మెదడులో డోపమైన్‌గా మారుతుంది, చాలావరకు ఇంకా బతికున్న కణాలే దాన్ని దాచుకుని అవసరాన్ని బట్టి వదులుతాయి. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందుల దారి వేరు. అవి డోపమైన్ వేషం వేసుకుని నేరుగా గ్రాహకాల మీద కూర్చుంటాయి. కణం డోపమైన్ వదిలినా వదలకపోయినా అవి అక్కడే ఉంటాయి. ఓడిపోయినప్పుడు డోపమైన్ పడిపోవాలి, ఆ పడిపోవడమే 'ఇది వద్దు' అనే పాఠం. గ్రాహకం నిండుగా ఉంటే ఆ పాఠం చేరదు. 2004లో మైకేల్ ఫ్రాంక్ చేసిన పరిశోధన ఇలాంటిదే చూపించింది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు మందు మీద ఉన్నప్పుడు గెలుపు నుంచి బాగా నేర్చుకున్నారు, మందు లేనప్పుడు తప్పుల నుంచి బాగా నేర్చుకున్నారు. పొద్దున ఓడి మధ్యాహ్నం మళ్లీ వెళ్లిన మనిషికి సిగ్గు లేదని ఊరంతా అంది. ఓటమి ఆయన మెదడు దాకా చేరలేదన్నది దీనికి దగ్గరి మాట.

దీనికి తోడు ఇంకో చిక్కుంది. స్ట్రయాటంలో పై భాగం కదలికలకు, కింది భాగం కోరికలకు ఎక్కువ సంబంధించినవి. పార్కిన్సన్స్ ముందుగా పై భాగాన్ని ఎండబెడుతుంది, కింది భాగం చాలాకాలం బాగానే ఉంటుంది. కాలువ చివరి మడికి నీళ్లందాలని తూము ఎక్కువ ఎత్తితే మొదటి మడి మునుగుతుంది. కాలు కదలడానికి సరిపోయిన మోతాదు, కోరిక ఉన్న చోట వరదైంది.

ఇది అరుదైన సంగతీ కాదు. 2005లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఇలా జూదం పాలైన 11 మంది పార్కిన్సన్స్ రోగుల గురించి రాశారు. 2010లో అమెరికా, కెనడాల్లో 3,090 మందిని పరిశీలించిన పెద్ద అధ్యయనంలో, ఈ రకం మందులు వాడేవాళ్లలో 17.1 శాతం మందికి జూదం, అదుపులేని కొనుగోళ్లు, లైంగిక వాంఛ, అతిగా తినడం వీటిలో కనీసం ఒకటి ఉంది. ఆ మందులు వాడనివాళ్లలో అది 6.9 శాతం. వందలో పదిహేడు మంది అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు. మందు రాసేటప్పుడు ఈ మాట రోగికే కాదు, భార్యకో కొడుక్కో కూడా చెప్పి తీరాలని నేను గట్టిగా నమ్ముతాను. రోగి తనంతట తాను చెప్పుకోడు. అది తన బుద్ధి లోపమని ఆయనే నమ్ముతుంటాడు. మా పెదనాన్న అలాగే నమ్మాడు. ఇంట్లో ఇది గమనిస్తే మందు మాత్రం చటుక్కున ఆపేయకండి. అకస్మాత్తుగా ఆపడం ప్రమాదం. డాక్టరు మెల్లగా తగ్గించాలి.

మందు వాడకుండా జూదంలో పడేవాళ్ల సంగతి ఇంత సూటిగా తేలదు, వాళ్లందరికీ ఇదే కారణమని నేను అనను. కానీ ఆటలోని కిటుకు ఒకటే. షుల్ట్జ్ బృందమే 2003లో, ఫలితం వస్తుందో రాదో సగానికి సగం అవకాశం ఉన్నప్పుడు డోపమైన్ కణాలు ఎదురుచూస్తున్నంతసేపూ బాగా చురుగ్గా ఉంటాయని చూపించింది. ఫోనులో రమ్మీ ఆడించేవాళ్లు అమ్ముకునేది ఆ ఎదురుచూపునే. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. పంతంతో, సిగ్గుతో మనిషి ఆగిపోతాడనుకునే చోట చట్టం అవసరం పడటం నాకు వింతగా అనిపించదు.

ఫోను, వినోదాలు కొన్నాళ్లు మానేస్తే మెదడులోని డోపమైన్ కడిగేసుకోవచ్చని చెప్పే 'డోపమైన్ డిటాక్స్' గురించి ఒక్క మాట. ఫోను పక్కన పెట్టి రెండు రోజులు ప్రశాంతంగా ఉండటం మంచిదే. కానీ దానివల్ల మెదడులోంచి డోపమైన్ బయటికి పోదు, పోకూడదు కూడా. ఉపవాసంలో ఉన్న మనిషి మంచం దిగి మంచినీళ్ల కుండ దాకా నడిచాడంటే అది డోపమైన్ చలవే. డోపమైన్ నిజంగా ఖాళీ అయినవాళ్లు ఎలా ఉంటారో చూసినవాణ్ని కాబట్టి ఆ మాట వినబడితే మనసు చివుక్కుమంటుంది.

మళ్లీ గడప దగ్గరికి

మెట్లెక్కే కాలు గడప దగ్గర ఎందుకు ఆగింది? మనం మామూలుగా నడిచేటప్పుడు అడుగు ఎప్పుడు, ఎంత వెయ్యాలన్నది లోపలి నుంచే వస్తుంది. ఆ లోపలి లయ తూము దారి గుండా నడుస్తుంది, పార్కిన్సన్స్‌లో తప్పేది అదే. ఇరుకు ద్వారాలు, మలుపులు, తొందరపెట్టే మాటలు దాన్ని ఇంకా చెడగొడతాయి. మెట్టు మాత్రం కంటికి ఎదురుగా ఉంటుంది, 'ఇక్కడ కాలు పెట్టు' అని బయటి నుంచి చెబుతుంది. కంటి చూపుతో అడుగును నడిపే దారి మెదడులో చాలావరకు వేరుగా ఉంది, దానికి డోపమైన్ అంతగా అక్కర్లేదు. చప్పట్ల తాళం, పాట లయ, నేల మీద గీతలు కూడా చాలామందికి ఇలాగే పనిచేస్తాయి. నేల మీద అడ్డంగా గీసిన గీతలు పార్కిన్సన్స్ నడకను మెరుగుపరుస్తాయని వైద్యులు 1960లలోనే గమనించారు.

ప్రమిపెక్సోల్‌ను ఆరు వారాల్లో మెల్లగా తగ్గించారు. పేకాట ఎంత హఠాత్తుగా వచ్చిందో అంత నిశ్శబ్దంగా పోయింది. ఒకరోజు పెదనాన్న నా చేయి పట్టుకుని, "నేనేనా ఒరే ఆ డబ్బు తగలేసింది?" అని అడిగాడు. ఆ మందు కాగితం చూపించి, చదివి వినిపించాను. రెండుసార్లు చదవమన్నాడు.

మందు తగ్గింది కాబట్టి నడక మళ్లీ నెమ్మదించింది, గడప దగ్గర ఆగడం తిరిగొచ్చింది. ఫిజియోథెరపిస్టు చెప్పినట్టు పెద్దమ్మ వంటింటి గడపకు ఇవతల, జానెడున్నర ఎడంతో తెల్ల రంగుతో మూడు అడ్డగీతలు గీసింది. తొందరపెట్టడం మానేసింది. ఆయన వచ్చి, గీత వైపు చూసి, దాని మీదుగా కాలెత్తేవాడు. తర్వాత రెండోది, మూడోది, ఆపైన గడప. పండగలకు గడపకు పసుపు రాసి కొత్త ముగ్గు పెట్టేటప్పుడు, ఆ మూడు గీతల మీదికి రాకుండా ఆమె ముగ్గును కాస్త పక్కకు జరిపి వేసేది.